వాద్యబృంద సారథి: ఈమని శంకరశాస్త్రిగారు

మన సంగీతమున విద్వాంసుడు స్వతంత్రుడు. ఒక్క రాగమును తన మనోధర్మము ననుసరించి గడియలకొలది విస్తరింపగలడు. అట్టివారిని పలువురను ఒక్కచో కూర్చి, వ్రాసియిచ్చిన స్వరములనే పలికింపుమనుట ఎంత దుష్కరమో చదువరులు ఊహింపగలరు. 1952లో ఢిల్లీ ఆకాశవాణియందు జాతీయ వాద్యబృందము ఏర్పడినపుడు పండిత రవిశంకర్, టి. కె. జయరామ అయ్యర్ గార్లు ఆ భారమును వహించిరి. అనంతరకాలమున దానిని వహించిన తెలుగువారు ఈమని శంకరశాస్త్రిగారు.

వీరు 1922లో ద్రాక్షారామమున జన్మించిరి. తండ్రి అచ్యుతరామశాస్త్రిగారు వైణికులు, వారే గురువులు. మదరాసు జెమినీ స్టూడియోలో సాలూరి రాజేశ్వరరావుగారికి సహాయకులుగ నుండి, పలు వాద్యములను మేళవించు నేర్పును గడించిరి.

వీణకు ప్రాణము గమకము. మెట్టుపై తంత్రిని లాగినపుడు పుట్టు ఆ కదలిక కాగితమున పూర్తిగ ఇముడదు. బృందమునకో వ్రాతయే ఆధారము. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుటయే శాస్త్రిగారి సాధన. వారి బృందరచనలలో ఆదర్శ శిఖరారోహణము ప్రసిద్ధము. ఇంత పనిలోను ఏకాంతవీణను వారు విడువలేదు. చిట్టిబాబు వంటి శిష్యుని తీర్చిదిద్దిరి. 1987లో దివంగతులైరి.

పులికాటున పడవ నడుపు మనవారికి ఈ మర్మము క్రొత్త కాదు. గడలన్నియు ఒక్క ఊపున పడిననే పడవ సాగును. కాని ప్రతి గడకును బలము దానిని పట్టిన చేతిదే.