దివాను సాలార్‌జంగు

సాలార్‌జంగు అను బిరుదముతో ప్రసిద్ధుడైన మీర్ తురాబ్ అలీఖాన్ 1829లో జన్మించెను. 1853లో, 24 ఏండ్ల ప్రాయముననే, నైజాము రాజ్యమునకు దివాను అయ్యెను. నాడు బొక్కసము అప్పులపాలై యుండెను. శిస్తు గుత్తేదారుల చేతులలో చిక్కి రైతు నలిగిపోవుచుండెను. ఆయన క్రమముగా గుత్తలను తొలగించి, జీతముపై పనిచేయు తాలూకాదారులను నియమించెను. 1865లో జిల్లాబందీని నెలకొల్పెను. అయినను పాత దఫ్తరులను ఒక్కమారుగా కూలద్రోయలేదు. వంశపారంపర్యపు కొలువుకాండ్రకు వారి గౌరవమును, భృతిని నిలిపి, ప్రక్కననే క్రొత్త కచ్చేరీలను నడపెను.

మార్పు శత్రువులను గూడ తెచ్చెను. నవాబు కొలువునకు పోవుచుండగా ఒకడు తుపాకి కాల్చెను. దివాను ప్రాణములతో బయటపడి, ఆ హంతకుని మరణశిక్షను తగ్గింపింప యత్నించెను, అది ఫలింపలేదు.

1883 ఫిబ్రవరి 8న ఆయన విషూచివలన మరణించెను. పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో ఆయన సమాధి గలదు. క్రొత్తదారి వేయువాడు పాతదారిన నడచువారిని మరువరాదని ఆయన జీవితము తెలుపుచున్నది.