వారిస్ షా

పంజాబు దేశమును తడుపు అయిదు నదులలో చీనాబు ఒకటి. ఆ నదీతీరమునందలి పల్లెలలో పొలము పనులు ముగిసిన పిమ్మట రైతులు ఒకచోట గుమిగూడి హీర్, రాంఝాల కథను పాడించుకొని వినుట తరతరముల ఆచారము. అక్షరజ్ఞానము లేనివారికి సైతము ఆ కథలోని చరణములు కంఠస్థములై యుండెడివి. ఆ కథకు చిరస్థాయియైన రూపమొసగిన మహాకవి వారిస్ షా.

ఆయన 1722వ సంవత్సర ప్రాంతమున జండియాలా షేర్ ఖాన్ అను గ్రామమున సయ్యదుల కుటుంబమున జన్మించెను. ఆ గ్రామము నేడు పాకిస్తానులో నున్నది. ఆయన విద్యార్థియై కసూరు పట్టణమునకు వెడలి, అచట గురువునొద్ద మతగ్రంథములను అభ్యసించెను. పిదప మల్కా హాన్స్ అను గ్రామము చేరి, అచటి మసీదులో నివసించెను.

అవి పంజాబునకు గడ్డు దినములు. 1739లో నాదిర్ షా దండెత్తి వచ్చి ఢిల్లీని కొల్లగొట్టెను. 1748 మొదలుకొని అహ్మద్ షా అబ్దాలీ పలుమారులు దాడి వెడలెను. సేనలు నడచిన త్రోవలలోని పల్లెలు పాడుపడుచుండెను. అట్టి కాలమున మిత్రులు కోరగా, 1766లో వారిస్ షా తన కావ్యమును ముగించెను. నాటి పండితులకు పారసీకముపై మక్కువ మెండు. వారిస్ షా మాత్రము రైతులు మాటలాడు పంజాబీ భాషలోనే వ్రాసెను.

కథ ఆయన కల్పించినది కాదు. అంతకు పూర్వమే దామోదరుడు మున్నగు కవులు దానిని చెప్పియుండిరి. తఖ్త్ హజారాకు చెందిన రాంఝా తండ్రి మరణించిన పిదప, అన్నలు అతనికి పనికిరాని నేలను పంచి ఇచ్చిరి. అతడు ఇల్లు విడచి, వేణువు చేతబట్టి, ఝంగ్ చేరెను. అచటి సియాల్ వంశీయుల కుమార్తె హీర్ అతనిని వలచెను. ఆమె కొరకు అతడు ఆమె తండ్రి ఎనుములను కాచెను. పెద్దలు హీరును ఆమె ఇష్టమునకు విరుద్ధముగా వేరొకనికిచ్చి పెండ్లి చేసిరి. రాంఝా జోగియై ఆమెను వెదకుచు పోయెను. తుదకు బంధువులు ఆమెకు విషమిడిరి. ఆ వార్త విని రాంఝా కూడ ప్రాణములు విడిచెను.

ఈ పాతకథలో వారిస్ షా తన నాటి పల్లెనంతయు నిలిపెను. మజ్జిగ చిలుకు స్త్రీలు, నదిపై పడవ నడుపువాడు, జోగులు, పెండ్లిసొమ్ములు, పశువుల మందలు అందు కానవచ్చును. లంచము గొని పంపకము చేయు ఖాజీని, వంశగౌరవము పేర బిడ్డ ప్రాణము తీయు పెద్దలను దాచక చూపెను. తనకిష్టము లేని పెండ్లి ధర్మము కాదని హీర్ ఖాజీతో వాదించు ఘట్టము ఆ కావ్యమునకు ప్రాణము. నోరు లేనివారి పక్షమున ఆమె మాటలాడినట్లు జనులకు తోచెను.

శిష్యుడు ప్రేమకథ వ్రాసెనని గురువు తొలుత కినిసి, చదివి విన్న పిదప మెచ్చుకొనెనని జనశ్రుతి కలదు. 600కు పైబడిన ఖండికలుగల ఆ కావ్యమును ప్రజలు భైరవి రాగచ్ఛాయలో పాడుకొనిరి. దానికిగల ఆదరణను చూచి పిమ్మటి వారు పెక్కు చరణములను వ్రాసి అందు చేర్చిరి. వానిని ఏరివేయుటకు పండితులు ఎంతయో శ్రమింపవలసి వచ్చెను.

1947లో దేశవిభజన జరిగినప్పుడు పంజాబు రెండు ముక్కలయ్యెను. లక్షలాది జనులు ఇల్లు వాకిళ్లు విడిచి పోయిరి. స్త్రీలు చెప్పరాని బాధలు పడిరి. లాహోరు విడచి వచ్చిన కవయిత్రి అమృతా ప్రీతమ్ ఆ దుఃఖమును రాజులతో గాని, నాయకులతో గాని చెప్పుకొనలేదు. వారిస్ షానే సంబోధించి కవిత వ్రాసెను. హీర్ కన్నీటిని ఎరిగిన కవికే తమ కన్నీరు తెలియునని ఆమె విశ్వాసము.

జండియాలా షేర్ ఖాన్ గ్రామమున వారిస్ షా సమాధి కలదు. ఏటేట అచట జరుగు ఉత్సవమున గాయకులు హీర్ కథను పాడుదురు. సరిహద్దునకు ఈవలనున్న పంజాబులోను ఆ చరణములనే పాడుదురు. లిపులు వేరైనను వారి పాట ఒక్కటే. హిందువులు, ముస్లిములు, సిక్కులు సమానముగా తమవాడని తలచు కవులు అరుదు. ప్రజల భాషలో ప్రజల బాధను నిర్భయముగా చెప్పుట వలననే వారిస్ షాకు ఆ భాగ్యము లభించెను.