ఆంధ్రకేసరి – కర్నూలు రాజధాని

ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారు అనగానే 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ వ్యతిరేక ప్రదర్శన నాడు తుపాకులకు రొమ్ము చూపిన ధైర్యమే ముందుగా గుర్తుకు వస్తుంది. ప్రభుత్వ కొలువు చేసిన మనం గుర్తుంచుకోవలసిన ఘట్టం మరొకటి ఉన్నదని నా అభిప్రాయం. అది రాజధాని ఘట్టం.

ప్రకాశంగారు 1872 ఆగస్టు 23న ఒంగోలు ప్రాంతంలోని వినోదరాయునిపాలెంలో జన్మించారు. చిన్ననాటే తండ్రి గతించగా, తల్లి పూటకూళ్ళ ఇల్లు నడిపి పెంచారు. రాజమండ్రిలో ప్లీడరుగా, మునిసిపల్ చైర్మన్‌గా పేరు తెచ్చుకొని, ఇంగ్లండు వెళ్ళి బారిస్టరయ్యారు. మద్రాసులో గడించినదంతా 1921లో స్థాపించిన స్వరాజ్య పత్రికకూ, జాతీయోద్యమానికీ ధారపోశారు. 1946లో ఉమ్మడి మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యారు.

మద్రాసు ఆంధ్రులకు దక్కాలని ఆయన గట్టిగా కోరారు. కాని ఆ నగరం తెలుగు నేలకు దక్షిణపు కొసన ఉన్నది. జనంలో ఎక్కువమంది తమిళులు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు అసువులు బాసిన తరువాత కేంద్రం మద్రాసు లేని ఆంధ్ర రాష్ట్రాన్నే ప్రకటించింది.

మరి రాజధాని ఎక్కడ? పటం చూస్తే విజయవాడ–గుంటూరు ప్రాంతమే అనువు. కృష్ణా డెల్టా పంటలు, పెద్ద రైల్వే జంక్షను, రాష్ట్రానికి నడిమధ్య చోటు. తుంగభద్ర ఒడ్డున ఉన్న కర్నూలు పడమటి అంచున ఉన్నది, కచేరీలకు భవనాలూ చాలవు. అయితే చరిత్ర కర్నూలు పక్షాన నిలిచింది. కోస్తా పెత్తనం కింద నలిగిపోతామన్న సీమవారి భయం తీర్చడానికి 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. రాజధాని, హైకోర్టులలో ఒకటి కోరుకొనే హక్కు రాయలసీమకు ఇచ్చారు. పంతులుగారు కోస్తా బిడ్డ అయినా ఆ మాటకు కట్టుబడ్డారు. 1953 అక్టోబరు 1న కర్నూలులో నెహ్రూగారు రాష్ట్రాన్ని ప్రారంభించగా, 81 ఏళ్ళ ప్రకాశంగారు తొలి ముఖ్యమంత్రి అయ్యారు. హైకోర్టు 1954లో గుంటూరుకు వెళ్ళింది.

మద్రాసు నుంచి తరలిన గుమాస్తాలకు గుడారాలే ఆఫీసులు, గుడారాలే కొంపలు. గాలి వీస్తే ఫైళ్ళ మీద రాళ్ళు పెట్టుకొనేవాళ్ళమని, పిల్లల చదువులకు నానా అగచాట్లు పడ్డామని నా తొలి సెక్షన్ సూపరింటెండెంటుగారు చెప్పేవారు.

పంతులుగారి మంత్రివర్గం 1954 నవంబరులో పడిపోయింది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదు చేరింది. 1957 మే 20న ఆయన కన్నుమూశారు. కర్నూలుకు రాజధాని యోగం మూడేళ్ళే. 2014లో రాష్ట్రం విడిపోయాక రాజధాని ప్రశ్న మళ్ళీ లేచినప్పుడు సీమవారు ఆ మూడేళ్ళనే తలచుకున్నారు. నదులు, రైళ్ళు, భవనాలు చూసుకోవలసిందే. వాటితోపాటు అన్నదమ్ముల మధ్య ఇచ్చిన మాట కూడా లెక్కలోనిదేనని పంతులుగారి జీవితం మన పిల్లలకు నేర్పుతుంది.