అంబేద్కర్: అనుభవమే సాక్ష్యం

ఒక అన్యాయాన్ని ఎన్నడూ చవిచూడనివారికి దాని బాధ ఎలా తెలియజెప్పగలం? డాక్టర్ భీమ్‌రావ్ అంబేద్కర్ ముందు నిలిచిన ప్రశ్న ఇదే.

ఆయన 1891 ఏప్రిల్ 14న మౌ పట్టణంలో, అంటరానివారిగా చూడబడిన మహర్ కులంలో జన్మించారు. కొలంబియాలో, లండన్‌లో చదివారు. శాస్త్రాలు ఎత్తి చూపి వాదించగల పండితుడు. అయినా అంటరానితనం ఎంత క్రూరమైనదో విదేశీయులకు వివరించడానికి తన బతుకులోని సంఘటనలనే ఎంచుకున్నారు. 'వీసా కోసం నిరీక్షణ' అనే ఆ చిన్న రచన ఆయన మరణానంతరం 1990లో పుస్తకంగా వెలువడింది.

మొదటి సంఘటన 1901 నాటిది. తండ్రి దగ్గరకు వెళ్లాలని పిల్లలు కొత్త బట్టలు కట్టుకుని మసూర్ స్టేషన్‌లో రైలు దిగారు. వారి కులం తెలియగానే స్టేషన్ మాస్టరు ముఖం మారిపోయింది. బండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. చివరకు రెట్టింపు బాడుగ ఇచ్చి, బండి తామే తోలుకుంటామన్నాక ఒకడు ఒప్పుకున్నాడు. దారిలో నీళ్ల కోసం తాము ముస్లింలమని చెప్పినా ఫలితం లేదు. తిండి ఉండి కూడా నీళ్లు లేక ఆకలితో పడుకున్నారు.

రెండవది 1917 నాటిది. విదేశీ చదువుతో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిన అంబేద్కర్‌కు బస దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకుని ఒక పార్సీ సత్రంలో చేరారు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చినవారు ఆయనను ఖాళీ చేయమన్నారు. ఆశ్రయం ఇవ్వమని ఇద్దరు మిత్రులను అడిగినా లాభం లేకపోయింది. ఉద్యానవనంలో గంటల తరబడి కూర్చుని, రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయారు.

ఇక్కడ మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. మారుపేరు పెట్టుకున్న సంగతి ఆయన దాచలేదు. దాచి ఉంటే ఆయన మనకు మరింత ధీరుడుగా కనిపించేవారేమో! కాని అంత చదివిన మనిషిని కూడా అబద్ధానికి నెట్టిన వ్యవస్థ ఎలాంటిదో మనకు తెలిసేది కాదు. తన బలహీనతను ఒప్పుకున్న మనిషి మిగిలిన మాటల్నీ మనం నమ్ముతాం.

నమ్మకానికి మరో కారణం ఉంది. ఆయన ఊరూ, సందర్భమూ స్పష్టంగా చెప్పారు. ఒక్క మతాన్నే తప్పుపట్టలేదు. 1934లో నాటి నిజాం రాజ్యంలోని దౌలతాబాద్ కోట దగ్గర చెరువు నీళ్లు వాడుకున్నందుకు ముస్లింల చేత మాటలు పడిన సంగతి కూడా రాశారు. తన బాధతోనే ఆగక ఇతరుల కష్టాలనూ చేర్చారు.

1927లో మహద్ చెరువు నీటి కోసం పోరాడినదీ, ఆ తరువాత రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షత వహించినదీ ఆయనే. అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం 1950లో అమలులోకి వచ్చింది. అంబేద్కర్ 1956 డిసెంబరు 6న మరణించారు.

మీరే చేయండి: మీకు జరిగిన ఒక అవమానాన్ని పది వాక్యాలలో రాయండి. అప్పుడు మీరు చేసిన తప్పేదైనా ఉంటే దాన్ని వదిలిపెట్టకండి.