దుర్గాబాయి దేశముఖ్

దుర్గాబాయి 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. ఎనిమిదవ యేటనే ఆమెకు వివాహమయ్యెను. ఆ కాలమున అది వింత కాదు. యుక్తవయస్సు వచ్చిన పిమ్మట ఆమె ఆ బంధమును విడిచి దేశసేవకు పూనుకొనెను. 1923లో కాకినాడ కాంగ్రెసు సభల సమయమున, టిక్కెట్టు లేదని నెహ్రూగారిని ద్వారముకడ ఆపిన బాలిక ఈమెయే. ఆ కథ మీరు వినియే యుందురు. అంతగా వినబడని కథ వేరొకటి కలదు. ఇచట దానిని చెప్పుకొందము.

ఉప్పు సత్యాగ్రహములో పాల్గొని ఆమె కారాగారమున కేగెను. ఇతర నేరములకు శిక్ష ననుభవించు స్త్రీలను అచట చూచెను. వారిలో పెక్కుమందికి అక్షరము రాదు; తమపై మోపబడిన నేరము నెదుర్కొను మార్గమును తెలియదు. న్యాయశాస్త్రము చదువవలెనను సంకల్పము ఆమెకు అక్కడనే కలిగెను. కాని ఆమె బడిచదువు మధ్యలోనే ఆగిపోయినది. విడుదలైన తరువాత ప్రైవేటుగా చదివి బెనారసు మెట్రిక్యులేషనులో నెగ్గెను. వాల్తేరునందలి విశ్వకళాపరిషత్తులో స్త్రీలకు వసతిగృహము లేకపోగా, తోడి విద్యార్థినులను కూడగట్టి తామే వసతి నేర్పరచుకొనిరి. 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టము పొందెను.

ఇంతలో 1937లో మద్రాసునందు ఆంధ్ర మహిళాసభను స్థాపించెను. అచట స్త్రీలను ఆ బెనారసు పరీక్షకే సిద్ధము చేయుచుండిరి. క్రమముగా వృత్తివిద్యలును నేర్పసాగిరి. ఆనాడు దిక్కులేని వితంతువునకు పరుల యింట వంట చేయుట తప్ప వేరు జీవనోపాధి అరుదు.

రాజ్యాంగ సభలో ఆమె సభ్యురాలు. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము స్త్రీపురుషులకు సమాన పనికి సమాన వేతన ముండవలెననియు, అంగవైకల్యము గలవారికి ప్రభుత్వము సహాయపడవలెననియు నిర్దేశించెను. మంచిదే. కాని పనియే దొరకని స్త్రీకి సమాన వేతనమువలన ఏమి ప్రయోజనము?

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగా దుర్గాబాయి దానికి ప్రథమాధ్యక్షురా లయ్యెను. చింతామణి దేశముఖ్‌గారితో ఆమె వివాహమును ఆ సంవత్సరముననే జరిగెను. గ్రామములలో ఉపాధ్యాయినులు, నర్సులు, గ్రామసేవికలు చాలకుండిరి. అవే గ్రామములలో భర్త విడిచిన స్త్రీలు, వితంతువులు పనికై అలమటించుచుండిరి. ఉభయులకు నడుమ అడ్డుగా నిలిచినది ఒక పరీక్షాపత్రము. ముప్పదియేండ్ల స్త్రీ చిన్నపిల్లల సరసన బల్లపై కూర్చుండి ఏటి కొక తరగతి చొప్పున చదువగలదా? అందువలన 1958లో మండలి సంక్షిప్త విద్యాక్రమమును ప్రారంభించెను. పెక్కు తరగతుల పాఠములు రెండేండ్లకు కుదింపబడెను. పెద్దవయస్సు స్త్రీలు వ్రాయు పరీక్ష బడిపిల్లలు వ్రాయునదియే; ఆ పత్రము చేత నుండుటవలన ఉద్యోగమున కర్హత లేదనుటకు వీలు లేకపోయెను.

ఈ దృష్టితోనే ఆమె అంధుల విషయమునను పనిచేసెను. నాడు మనదేశమున అంధులకు నేర్పు పనులు సాధారణముగా కుర్చీలకు బెత్తమల్లుట, బుట్టలల్లుట వంటివి. వానివలన వచ్చు కూలి స్వల్పము. ఢిల్లీలోని అంధసహాయ సంఘమునకు అధ్యక్షురాలై ఆమె అంధులకు వసతితో కూడిన పాఠశాలను, తేలికపాటి యంత్రములపై పని నేర్పు కర్మశాలను నెలకొల్పెను. కొలత సరిచూచుటకు, భాగములను కూర్చుటకు చేతివ్రేళ్ల స్పర్శయు చాలునని ఆ పనులు నిరూపించినవి.

1975లో భారత ప్రభుత్వము ఆమెను పద్మవిభూషణ్ బిరుదముతో సత్కరించెను. 1981 మే 9వ తేదీన ఆమె కన్నుమూసెను. వికలాంగులకు ప్రభుత్వోద్యోగములలో నూటికి మూడు స్థానములు కేటాయించిన చట్టమును పార్లమెంటు చేసినది 1995లో.