కాపరి కుమారుడు విన్సెంట్ – మాచిపత్రి పానీయము

(ధ్యాన భాగము: ప్రకటన 8:10, 11)

మాచిపత్రి అను పేరుగల నక్షత్రము ఆకాశమునుండి రాలి నీళ్లను చేదుచేసిన సంగతి మన సంఘస్థులెరిగినదే. మాచిపత్రి మనకు క్రొత్తది కాదు. పూలు కట్టువారు మరువముతోపాటు దండలో చేర్చు ఆకు ఆ జాతిదే. ఐరోపాలో పెరుగు మొక్క మరింత చేదు. దానిని, సోంపును, మరికొన్ని మూలికలను సారాయిలో నానబెట్టి బట్టీ పట్టగా వచ్చు పచ్చని మద్యమునకు అబ్సింత్ అని పేరు. ఈ నెల మనము తలంచుకొను విన్సెంట్ వాన్ గో అను చిత్రకారుని కథ ఎవరు చెప్పినను ఈ మద్యము పేరు వచ్చును. చిత్రకారుని సంగతి సంఘ పత్రికలో ఏల అని అడుగువారుందురు. ఆయన కాపరి కుమారుడు. తానును కొంతకాలము సువార్తికుడు.

ఆయన 1853 మార్చి 30వ తేదీన నెదర్లాండ్సు దేశములో జుండెర్ట్ అను గ్రామమున జన్మించెను. తండ్రి ఆ ఊరి ప్రొటెస్టంటు సంఘ కాపరి. సరిగా ఒక సంవత్సరము ముందు, అదే తేదీన, ఆ తల్లికి మృతశిశువు పుట్టెను. ఆ శిశువు పేరు కూడ విన్సెంటే. గుడి ఆవరణలోని సమాధి రాతిమీద తన పేరే చెక్కబడియుండగా చూచుచు ఈ బాలుడు పెరిగెను. 16 ఏండ్ల ప్రాయమున పటములు అమ్ము కంపెనీలో చేరి హేగ్, లండను, పారిసు నగరములలో పనిచేసెను. 1876లో ఆ ఉద్యోగము పోయెను. ఇంగ్లండులో బడిపంతులుగానుండి, ఆ సంవత్సరము అక్టోబరు 29న రిచ్మండులోని మెథడిస్టు గుడిలో తన మొదటి ప్రసంగము చేసెను. మూలవాక్యము 119వ కీర్తన 19వ వచనము. భూమిమీద పరదేశియైనవాని ప్రార్థన అది. వేదాంతవిద్యకై ఆమ్‌స్టర్‌డాములో లాటిను, గ్రీకు భాషలు ఒక సంవత్సరము చదివి విడిచిపెట్టెను. సెమినరీలో మేము గ్రీకు క్రియాపదములతో పడిన పాట్లు మరువలేదు గనుక ఆయనను తప్పు పట్టలేము.

1878 డిసెంబరులో ఆయన బెల్జియములోని బొరినాజ్ అను బొగ్గుగనుల ప్రాంతమునకు వెళ్లెను. మరుసటి జనవరిలో ఆరు నెలలకు సువార్తికునిగా నియమింపబడెను. బట్టలు గని కూలీలకు పంచిపెట్టి, మంచి బస విడిచి, గుడిసెలో గడ్డిమీద పండుకొనెను. 1879 ఏప్రిలు 17న సమీపముననున్న ఆగ్రాప్ గనిలో వాయువు అంటుకొని 121 మంది చనిపోయిరి. గాయపడినవారిని విన్సెంట్ రాత్రింబగళ్లు కనిపెట్టుకొనియుండెను. ఆరు నెలలు గడువగానే, కమిటీవారు ఆయన సేవను నివేదికలో మెచ్చుకొనుచునే, ప్రసంగవరము లేదను కారణముచేత పని పొడిగింపక పోయిరి. మేమును కమిటీలలో కూర్చుండువారమే గనుక ఈ మాట వ్రాయునప్పుడు కలము కొంత ఆగినది.

1880లో, 27వ ఏట, ఆయన బొమ్మలు గీయుట జీవితపు పనిగా చేపట్టెను. తమ్ముడు థియో నెలనెల డబ్బు పంపెను. 1885లో తండ్రి మరణించెను. ఆ యేడే తండ్రిగారి పెద్ద బైబిలును యెషయా 53వ అధ్యాయము తెరచియున్నట్లు చిత్రించెను. ప్రక్కన ఆరిపోయిన క్రొవ్వువత్తి. దాని భావము ఎవరికి తోచినట్లు వారు చెప్పుదురు.

1886లో పారిసు చేరెను. అక్కడ అబ్సింత్ లేని అంగడి లేదు. 18వ శతాబ్దము చివర స్విట్జర్లాండులో మందుగా మొదలైన ఆ పానీయమునకు 1805లో ఫ్రాన్సులోని పొంతార్లియేలో పెర్నో వారి కార్ఖానా లేచెను. 1840 ప్రాంతములలో అల్జీరియాలోని ఫ్రెంచి సైనికులకు జ్వరము రాకుండ దానిని ఇచ్చిరి. వారు ఆ రుచిని ఇంటికి తెచ్చుకొనిరి. తరువాత ద్రాక్షతోటలకు పురుగు పట్టి ద్రాక్షారసము ప్రియము కాగా పేదలును దీనికి తిరిగిరి. గ్లాసుమీద చిల్లుల చెంచా పెట్టి, దానిపై పంచదార గడ్డ ఉంచి, చల్లని నీళ్లు బొట్లుబొట్లుగా పోయుదురు. పచ్చని రసము పాలవలె తెల్లబడును. ఇందులో మంత్రమేమియు లేదు. సోంపు నూనె సారాయిలో కరగును, నీటిలో కరగదు, అంతే. 1887లో విన్సెంట్ ఈ గ్లాసును, నీళ్ల సీసాను చిత్రించెను. ఆ యేడే స్నేహితుడు తులూస్ లోత్రెక్ ఆయనను బల్లమీద గ్లాసుతో కూర్చున్నట్లు గీసెను. కనుక ఆయన త్రాగెను, దాచవలసినది లేదు.

1888 ఫిబ్రవరిలో దక్షిణమున ఆర్ల్ పట్టణము చేరి, పసుపు రంగు ఇంట కాపురముండెను. అక్టోబరులో గొగాఁ అను చిత్రకారుడు వచ్చి కలిసియుండెను. డిసెంబరు 23 రాత్రి, వారిద్దరు కలహించిన పిమ్మట, విన్సెంట్ తన చెవిని తానే కోసికొనెను. తనమీద అబ్సింత్ గ్లాసు విసరెనని గొగాఁ 15 ఏండ్ల తరువాత వ్రాసెను. ఇక లోకము కథలు అల్లినది. చెవి కోయించినది అబ్సింత్; లోకమంతయు పసుపుగా చూపినది అబ్సింత్; సుడులు తిరుగు నక్షత్రములు చూపినదియు అదే.

మేమును మద్యనిషేధ కూటములో ఒకసారి ఈ కథనే బల్లగుద్ది చెప్పితిమి. కూటము ముగిసిన తరువాత త్రాగుడు అలవాటుగల ఒక పడుచువాడు మమ్మును కలిసికొని, ఆ పచ్చమందు మన ప్రాంతములో దొరకదు గదా అయ్యగారూ అని నెమ్మదిగా అడిగి, తేలిక మనస్సుతో ఇంటికి వెళ్లెను. అతని ఇంట భార్యయు ముగ్గురు పిల్లలును ఉన్నారు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అటుతరువాతనే నిజమేమో వెదకి చదివితిమి.

ఆ మొక్కలో థూజోన్ అను పదార్థమున్నది. ఫ్రెంచి వైద్యుడు మాన్యాఁ 19వ శతాబ్దములో దాని నూనెను జంతువులకు ఇయ్యగా వాటికి మూర్ఛ వచ్చెను. అయితే అది గ్లాసులోని పానీయము కాదు, శుద్ధమైన నూనె. గంజాయివలె మనస్సుపై పనిచేయునేమో అని 1975లో కొందరు తలంచిరి. 1999లో పరీక్షించగా అట్లు కాదని తేలెను. నిషేధమునకు ముందు నింపిన 13 సీసాలను పరీక్షించి 2008లో ఫలితము ప్రచురించిరి. లీటరుకు సగటున సుమారు 25 మిల్లీగ్రాముల థూజోన్ మాత్రమే ఉండెను. అది మనిషిని వెఱ్ఱివానిగా చేయు పరిమాణము కాదు. సారాయి మాత్రము కొన్ని రకములలో నూటికి 70 పాళ్లు! నేడు దానిని రుచి చూచువారికి దొరకునది సోంపు వాసన, చేదు, మత్తు. దర్శనములు రావు.

1905 ఆగస్టులో స్విట్జర్లాండులో లాన్‌ఫ్రే అను కూలి గర్భవతియైన భార్యను, ఇద్దరు కుమార్తెలను కాల్చి చంపెను. ఆ దినము అతడు ద్రాక్షారసమును, బ్రాందీని విస్తారముగా త్రాగియుండెను. అబ్సింత్ రెండు గ్లాసులు మాత్రమే. నేరము అబ్సింత్‌పై పడెను. 1908లో ప్రజలు ఓటు వేసి దానిని నిషేధించిరి. ఫ్రాన్సు 1915లో నిషేధించెను. ద్రాక్షారసపు పీపాల జోలికి ఎవరును పోలేదు. ఇప్పుడు ఆ నిషేధములు లేవు. స్విట్జర్లాండు 2005లో, ఫ్రాన్సు 2011లో ఎత్తివేసినవి.

విన్సెంట్ వ్యాధిని ఆనాటి వైద్యులు మూర్ఛరోగమనిరి. ఆయన ఉత్తరములు చదివి 2020లో నెదర్లాండ్సు వైద్యులు మానసికవ్యాధి, త్రాగుడు, చాలని తిండి, నిద్రలేమి కలిసి కూల్చియుండునని చెప్పిరి. చెవి కోసికొన్న తరువాత వచ్చిన కలవరము కొంత త్రాగుడు హఠాత్తుగా మానుటవలన కావచ్చునట. పసుపు ఆయన కోరి వేసిన రంగు. అదే పటములలో నీలము నీలముగానే ఉన్నది. నక్షత్రముల పటము 1889 జూనులో, అబ్సింత్ అంగడులకు దూరముగా, ఆసుపత్రిలో ఉండగా వేసినది.

ఆ ఆసుపత్రికి ఎట్లు చేరెనో చెప్పవలెను. పొరుగువారు పురాధికారికి అర్జీ పెట్టగా పోలీసులు ఆయన ఇంటికి తాళము వేసిరి. అప్పుడు ఆర్ల్ ప్రొటెస్టంటు సంఘ కాపరి సాల్ గారు ఆసుపత్రికి వచ్చి పలుమార్లు చూచుచు, పారిసులోని థియోకు క్షేమసమాచారము వ్రాయుచుండెను. 1889 మే 8న తానే వెంటబెట్టుకొని సాఁ రెమీలోని మానసిక వైద్యశాలకు తీసికొనిపోయి, వైద్యునికి అప్పగించి, తిరిగివచ్చెను. పదేండ్ల క్రితము కమిటీ విడిచిపెట్టినవానికి ఇట్టి కాపరి దొరికెను. అక్కడ 1890లో విన్సెంట్ పూర్వపు చిత్రకారుల పటములు చూచి మంచి సమరయుని, లాజరు లేచుటను తన రంగులలో వేసెను.

ఆ మే నెలలో ఓవేర్ గ్రామమునకు వెళ్లెను. జూలై 27న తుపాకితో కాల్చుకొని, 29న థియో ప్రక్కన ఉండగా మరణించెను. వయస్సు 37. ఆత్మహత్య అని ఆ ఊరి పాదిరి శవవాహనము ఇయ్యనందున పొరుగూరినుండి తెచ్చిరి. ఆరు నెలలకు థియోయు గతించెను. 1914లో అతని భార్య యోహానా, భర్త అస్థికలను తెప్పించి అన్న ప్రక్కన పెట్టించెను. రెండు సమాధులపై ఒకే తీగ అల్లుకొనియున్నది.