గోదావరి వెలుగు – దామెర్ల రామారావు

ఆధునికాంధ్ర చిత్రకళకు స్వతంత్ర మార్గాన్ని చూపిన మహనీయుడు దామెర్ల రామారావు. ఆయన 1897 మార్చి 8న రాజమహేంద్రవరంలో జన్మించారు. చిన్ననాటి నుండి చదువుకంటె బొమ్మలపైనే ఆయనకు మక్కువ. ఆ ప్రతిభను గుర్తించినవారు స్థానిక ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే. కవి, చిత్రకారుడు అయిన ఆ గురువు ప్రోత్సాహంతో రామారావు 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో చేరారు.

అప్పటికి ఐరోపాలో ఇంప్రెషనిస్టులు చిత్రకళను గదిలో నుండి ఆరుబయటికి తెచ్చి నాలుగు దశాబ్దాలు గడిచాయి. 1874లో పారిస్‌లో ప్రదర్శితమైన మోనే ఓడరేవు చిత్రంలో ప్రధానమైనవి ఓడలు కావు. మంచుతెర, నీటిపై తొలిసూర్యుని వెలుగు. రామారావు ఆ సంప్రదాయానికి చెందినవారు కారు. అయినా గోదావరి గట్టున పెరిగిన ఆయనకూ అదే సమస్య ఎదురైంది. క్షణక్షణం మారే కాంతిని కదలని కాగితంపై నిలపడం ఎలా?

ఆయన తూర్పు కనుమల నడుమ ప్రవహించే గోదావరిని చిత్రించారు. అక్కడ దూరం పెరిగినకొద్దీ కొండల పచ్చదనం పలచబడి నీలిమలో కలిసిపోతుంది. నడుమనున్న గాలి, తేమ అందుకు కారణం. నీటిరంగులలో కాగితపు తెలుపే వెలుగు. ఒకసారి రంగుతో కప్పితే ఆ తెలుపు తిరిగి రావడం కష్టం. కనుక ఎక్కడ రంగు వేయాలో తెలియడంతోపాటు, ఎక్కడ వేయకూడదో కూడా తెలియాలి.

బొంబాయిలో పాశ్చాత్య శిక్షణ, కలకత్తాలో వంగశైలి ఆనాటి యువకళాకారులను ఆకర్షిస్తున్నాయి. రామారావు రెండింటినీ గౌరవించారు. దేనికీ దాసులు కాలేదు. 1922లో ఋష్యశృంగుని కథను చిత్రించి వైస్రాయి బహుమతి పొందారు. మహానగరాలలో కీర్తి లభించే అవకాశమున్నా, సొంత ఊరిలోనే యువకులకు చిత్రకళ నేర్పారు. తెలుగువారి జీవితం, తెలుగునేల అందం తమ చిత్రాలలో కనిపించాలన్నదే ఆయన ఆశయం.

ఆ కృషి ఫలించే వేళ మశూచి సోకి, 1925 ఫిబ్రవరి 6న, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే ఆయన కన్నుమూశారు. మిత్రుడు వరదా వెంకటరత్నం మొదలైనవారు ఆయన బాటను కొనసాగించారు. రాజమహేంద్రవరంలో ఆయన పేర వెలసిన చిత్రశాలలో ఆ చిత్రాలు భద్రపరచబడ్డాయి. జీవితం స్వల్పమైనా, తన నేలను తన కళ్లతో చూడడం తెలుగు చిత్రకారులకు నేర్పిన ఘనత రామారావుది.